దొరికింది ఎవరిది? పట్టింది ఎవరిది?

అడవి జంతువు మీద గానీ, దారిలో దొరికిన వస్తువు మీద గానీ హక్కు ఎవరిదో తేల్చడానికి చట్టం మూడు ప్రశ్నలు వేస్తుంది. దీనికి ఇంతకుముందు యజమాని ఉన్నాడా? ఉంటే తనంతట తానే వదులుకున్నాడా, లేక పోగొట్టుకున్నాడా? అది చేతికి చిక్కిన మనిషి ఆ సంగతి ఎవరికి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు? మొదటి రెండూ హక్కు సంగతి తేలుస్తాయి. మూడోది మనిషి సంగతి తేలుస్తుంది. జనం ఎక్కువగా ఇరుక్కునేది ఈ మూడో ప్రశ్న దగ్గరే.

దొరికితే దొంగ, లేకపోతే దొర అని సామెత. దొరికిన సొత్తు విషయంలో చట్టం దీన్ని తిరగేసి పెట్టింది. దాచినవాడు దొంగ అవుతాడు, ముందుగా చెప్పినవాడికి హక్కులు పుడతాయి. ఆ హక్కులు కూడా చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే. దొరికిన నిధిలో నాలుగింట మూడు వంతులు దొరికినవాడికే రావచ్చని ఎంతమందికి తెలుసు?

చిత్తూరు జిల్లా గంగవరం మండలంలో ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట ఎదురవుతాయి. మండలం మీదుగా చెన్నై–బెంగళూరు రహదారి పోతుంది. పక్కనే పలమనేరు, అక్కడి నుంచి ఒక దారి పుంగనూరు మీదుగా మదనపల్లెకు, ఇంకొకటి కుప్పానికి. దగ్గరలోనే 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం, 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు వచ్చి స్థిరపడిన ఏనుగులు. వీటికి తోడు చెరువులు, మామిడితోటలు, టమోటా చేలు, పాలెగాళ్ల కాలం నుంచి వినిపిస్తున్న లంకెబిందెల కథలు. ఇక్కడ ఒక రైతుకు ఏడాది తిరిగేలోపు చచ్చిన జింక, తప్పిపోయిన ఆవు, పడిపోయిన ఫోను మూడూ ఎదురుపడినా ఆశ్చర్యం లేదు. మూడింటికీ మూడు వేర్వేరు చట్టాలు.

అడవి జంతువు: పట్టినవాడిది కాదు

పాత కాలపు సూత్రం చాలా తేలికైనది. స్వేచ్ఛగా తిరిగే జంతువు ఎవరిదీ కాదు, పట్టినవాడిదే. 533లో జస్టీనియన్ చక్రవర్తి ప్రకటించిన రోమన్ న్యాయగ్రంథం ఈ మాటే చెప్పింది. 1805లో న్యూయార్క్ కోర్టు దీనికి ఇంకొంచెం పదును పెట్టింది. పోస్ట్ అనే ఆయన వేటకుక్కలతో ఒక నక్కను తరుముతుంటే, పియర్సన్ అనే ఇంకొకాయన మధ్యలో వచ్చి దాన్ని చంపి పట్టుకుపోయాడు. తరిమినంత మాత్రాన హక్కు రాదు, చేజిక్కించుకుంటేనే వస్తుంది అని తీర్పు. అమెరికాలో లా చదివేవాళ్లు చాలామంది ఈ నక్క కథతోనే ఆస్తి పాఠం మొదలుపెడతారు. అక్కడి పుస్తకాలు చూసి ఇక్కడా అంతే అనుకుంటే మాత్రం జైలు దారి పట్టినట్టే.

ఎందుకంటే భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ సూత్రాన్ని రక్షిత జంతువుల విషయంలో పూర్తిగా తుడిచేసింది. తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. 39వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. వేటాడినది, బంధించి పెంచినది, చచ్చి దొరికినది, పొరపాటున చంపినది, ఏదైనా సరే ప్రభుత్వ ఆస్తి అంది. దాని మాంసం, చర్మం, కొమ్ము, గోరు, దంతం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వేటకు వాడిన వల, తుపాకీ, మాంసం మోసిన మోటారుసైకిలు కూడా స్వాధీనం చేసుకుంటే ప్రభుత్వానివే. రెండు కిలోల కూర కోసం బండి పోగొట్టుకోవడం ఏమి లెక్క?

ఒక సందర్భం చూద్దాం. తెల్లవారుజామున హైవే పక్కన లారీ గుద్దిన జింక పడి ఉంది, ఇంకా ఒళ్లు వెచ్చగానే ఉంది. చంపింది లారీ. చూసినవాడి తప్పేమీ లేదు. ఎటూ చచ్చింది కదా, కుక్కల పాలు కాకుండా ఇంటికి తీసుకుపోతే తప్పేమిటి? తప్పే. చచ్చి దొరికిన క్షణం నుంచే అది ప్రభుత్వ ఆస్తి. అలాంటిది చేతికి వచ్చినవాడు 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. ఏనుగు చనిపోతే దంతాల సంగతీ అంతే. అది ఎవరి చేలో పడిందన్నది హక్కును మార్చదు.

పెంపకం పేరుతో జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. పంజరంలో రామచిలుకను పెంచడం తరతరాల అలవాటే, అయినా చట్టం ఒప్పుకోదు. మెట్టచేలలో కనబడే నక్షత్ర తాబేలును అదృష్టమని ఇంట్లో ఉంచుకోవడం ఇంకా ప్రమాదం. 2022 సవరణ దాన్ని మొదటి షెడ్యూల్‌లోకి చేర్చింది. ఆ షెడ్యూల్‌లోని జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. చేలో కనబడిన నెమలి గుడ్లను తెచ్చి కోడి కింద పొదిగించడం ముచ్చటగానే ఉంటుంది. కానీ అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా చట్టం దృష్టిలో వేటే. రాలిన నెమలి ఈకకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. పిల్లవాడి పుస్తకంలో ఈక ఉన్నందుకు ఎవరూ కేసు పెట్టరు. నెమలిని చంపి పీకిన ఈక అయితే ఆ మాట చెల్లదు. ఇక రెండు తలల పాము అమ్మితే లక్షలు వస్తాయని నమ్మించే బేరగాళ్లు పల్లెల్లో తిరుగుతూనే ఉంటారు. దానికి మందు గుణమూ లేదు, నిధిని చూపించే శక్తీ లేదు. ఉన్నదల్లా కేసు ఒక్కటే.

రైతును నిజంగా వేధించే ప్రశ్న వేరే ఉంది. ఏనుగు ప్రభుత్వానిదైతే అది తొక్కిన టమోటా తోటకు ప్రభుత్వమే కట్టాలి కదా? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవాలి. 39వ సెక్షన్ జాబితాలో ఉన్నది వేటాడినవి, చచ్చినవి, బంధించినవి. అడవిలో తిరిగే బతికున్న ఏనుగు ఫలానావారి ఆస్తి అని ఆ సెక్షన్ సూటిగా అనదు. ప్రభుత్వం దానికి కాపలాదారు మాత్రమే. అందువల్ల రైతుకు వచ్చే పంటనష్టం డబ్బు మామూలుగా పంట మేసిన ఆవుకు దాని యజమాని కట్టే పరిహారం లాంటిది కాదు, ప్రభుత్వ ఉత్తర్వుల కింద ఇచ్చే ఆర్థిక సహాయం. అది రావాలంటే తొక్కిన పంటను సర్దకముందే ఫోటోలు తీయాలి, అటవీ సిబ్బందికి తెలపాలి, వాళ్లు వచ్చి పంచనామా రాసేదాకా చేను కదపకూడదు. నష్టపోయిన రైతుకే ఇన్ని కాగితాల పని పెట్టడం న్యాయమా అంటే, కాదు. అయినా ప్రస్తుతం ఉన్న దారి ఇదే.

అడవిపందులకు కరెంటు తీగ పెట్టడం ఈ ప్రాంతంలో జరిగే పొరపాట్లలోకెల్లా పెద్దది. చేను తనదే, పంట తనదే, కరెంటు బిల్లు తనదే. అయినా ఆ తీగకు తగిలి చచ్చిన పంది తనది కాదు, వేట కేసు మాత్రం తనదే. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను మనిషి తగిలితే అది ప్రాణం తీసిన కేసు. ఏనుగు తగిలితే మొదటి షెడ్యూల్. పంటకు, ప్రాణానికి ప్రమాదంగా మారిన జంతువును తొలగించేందుకు 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఉంది. దరఖాస్తు అటవీ రేంజ్ ఆఫీసు ద్వారా పోవాలి. మీదికి వచ్చిన జంతువు నుంచి తన ప్రాణమో, ఇంకొకరి ప్రాణమో కాపాడుకోవడానికి సదుద్దేశంతో దెబ్బ వేస్తే నేరం కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. చచ్చిన జంతువు మాత్రం అప్పుడూ ప్రభుత్వానిదే.

అడవి జంతువు కనబడినప్పుడు చేయాల్సినవి:

1. ముట్టుకోకుండా ముందు ఫోటో తీయాలి. చోటు, టైము తెలిసేలా ఉంటే మంచిది.

2. ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకో, పోలీసు స్టేషన్‌కో ఫోన్ చేయాలి. ఆ నంబర్లు లేకపోతే 112. 48 గంటల గడువు ఉంది కదా అని రెండో రోజు దాకా ఆగడం తెలివి కాదు. ఈలోపు వేరెవరైనా చెబితే ఆగినవాడి మీదే అనుమానం.

3. గాయపడిన జంతువును కాపాడాలనిపించడం మంచిదే. అటవీ శాఖకు చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయాలి. ఇంటికి తెచ్చి కట్టేయకూడదు.

4. మాంసం పంచుకునే గుంపులో నిలబడకూడదు. వాటా తీసుకున్నవాడూ నిందితుడే.

సంక్రాంతి పండగకు గుళ్లలో జరిగే పారువేట ఉత్సవానికి దీనితో గొడవ లేదు. ఆ పేరు చెప్పి కుందేళ్ల మీదికి వలలు, కుక్కలతో పోతే ఆచారం అన్న మాట కోర్టులో నిలవదు.

చేపలు, తేనెటీగలు, గొడ్లు

పట్టినవాడిదే అనే పాత సూత్రం ఇంకా బతికి ఉన్నది ఎక్కువగా నీళ్లలో. వాగులో, ఏటిలో స్వేచ్ఛగా తిరిగే చేప పట్టేదాకా ఎవరిదీ కాదు. బయటికి పోలేని చెరువులోనో, కుంటలోనో ఉన్న చేప మాత్రం ఆ నీటిమీద హక్కున్నవాడి స్వాధీనంలో ఉన్నట్టే లెక్క. అందుకే పంచాయతీ దగ్గర గానీ మత్స్యశాఖ దగ్గర గానీ గుత్తకు తీసుకున్న చెరువులో రాత్రిపూట వల వేస్తే అది దొంగతనం. మరి వానలకు చెరువు మొరవ పోయి, చేపలు కింది కయ్యల్లోకి కొట్టుకొస్తే? స్వేచ్ఛ తిరిగొచ్చిన చేప మీద గుత్తదారుడి పట్టు జారిపోతుందన్నది సాధారణ సూత్రం. కట్ట తెగ్గొట్టి చేపలను కిందికి రప్పిస్తే ఆ సూత్రం కాపాడదు.

తేనెటీగలదీ ఇదే తరహా. పెట్టెల్లో పెంచే ఈగలు పెంచినవాడివి, చెట్టు మీది పట్టు చెట్టున్న చోటును బట్టి. రిజర్వు ఫారెస్టులో తేనె తీయడానికి మాత్రం అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం గిరిజనులకు, అడవిని నమ్ముకుని తరాలుగా బతికే ఇతరులకు ప్రత్యేక హక్కు ఉంది. యానాదుల వంటి కుటుంబాలకు ఇది దానం కాదు, చట్టం గుర్తించిన యాజమాన్యం.

పెంపుడు జంతువుకు సూత్రం పూర్తిగా వేరు. పుంగనూరు ఆవు తాడు తెంపుకుని మూడూళ్ల అవతల మేస్తున్నా దాని యజమాని మారడు. ఏడాది మేపినా మేపినవాడిది కాదు. పంట మేసిన గొడ్డును రైతు పట్టుకోవచ్చు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఆ హక్కు ఇస్తూనే 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలని షరతు పెట్టింది. యజమాని వారంలో రాకపోతే పోలీసులకు కబురు, ఊళ్లో దండోరా, ఇంకో వారం గడువు, ఆ తర్వాతే వేలం. ఇవాళ చాలా ఊళ్లలో బందెలదొడ్డి గోడలే మిగిలాయి. దొడ్డి లేనంత మాత్రాన ఆవును ఇంట్లో కట్టేసుకునే హక్కు రాదు. సచివాలయంలో, స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, మేతకు అయిన ఖర్చు లెక్క రాసి పెట్టుకోవడమే దారి. చెవి పోగు ఉన్న పశువైతే దాని నంబరుతో యజమాని జాడ పశువైద్యశాలలో దొరుకుతుంది.

దారిలో దొరికిన వస్తువు

ఆదివారం బోయకొండ గంగమ్మ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. మెట్ల పక్కన ఒక బంగారు ఉంగరం. తీసుకున్నంత మాత్రాన తప్పా? కాదు. కాపాడి ఇవ్వాలనుకుని తీయడం తప్పు కాదని భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వివరణలోనే ఉంది. అదే రోజు పుంగనూరు పోయి, యజమాని కోసం వెతకకుండా ఉంగరం అమ్మేస్తే నేరం. శిక్ష 6 నెలలకు తగ్గకుండా 2 ఏళ్ల దాకా జైలు, పైగా జరిమానా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సంహితలో పాత శిక్షాస్మృతి సూత్రమే ఉంది, కనీస శిక్ష మాత్రం కొత్త.

తేడా ఎక్కడుంది? వస్తువు మీద యజమాని జాడ ఉందా, వెతకడానికి తగిన ప్రయత్నం జరిగిందా, తగినంత కాలం ఆగారా అన్న మూడు విషయాల్లో ఉంది. రోడ్డు మీద ఎవరిదో తెలియని ఒక్క రూపాయి ఏరుకుంటే నేరం కాదని చట్టమే ఉదాహరణ ఇస్తుంది. బ్యాంకు పట్టీ ఉన్న నోట్ల కట్టకు ఆ ఉదాహరణ వర్తించదు. పట్టీ మీద బ్యాంకు ముద్ర ఉంటుంది, అదే జాడ. ఫోనుకైతే జాడ అందులోనే మోగుతుంది. మోగుతున్న ఫోను ఆపేసి సిమ్ తీసి పారేసినవాడు, నాకు యజమాని ఎవరో తెలియలేదు అంటే ఎవరు నమ్ముతారు? సిమ్ మార్చినా ఐఎంఈఐ నంబరు మారదు. 2023లో దేశమంతటికీ తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్ ద్వారా పోయిన ఫోన్లను నిలిపేసి, జాడ తీస్తున్నారు.

ఇప్పుడు రెండో వైపు. దొరికినవాడికి చట్టం ఇచ్చిందేమిటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ అతన్ని ఒక నమ్మకస్తుడి స్థానంలో నిలబెట్టింది. తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో దీన్నీ అంతే చూడాలి. అందుకు ప్రతిఫలంగా, యజమాని తప్ప ప్రపంచంలో ఎవరు అడిగినా ఇవ్వనక్కర్లేని పట్టు అతనికి ఉంటుంది. 1722లో ఇంగ్లండులో పొగగొట్టాలు తుడిచే ఒక కుర్రవాడికి నగ దొరికింది. వెల కట్టించడానికి కంసాలి దుకాణానికి తీసుకుపోతే అక్కడివాళ్లు రాళ్లు ఊడదీసుకుని ఉత్త చట్రం చేతిలో పెట్టారు. యజమాని ఎవరో తెలియకపోయినా, దుకాణంవాడి కంటే కుర్రవాడిదే మెరుగైన హక్కు అని కోర్టు తేల్చి వెల ఇప్పించింది. పేదవాడి చేతిలో విలువైన వస్తువు కనబడగానే లాక్కునే పెద్దమనుషులకు ఇప్పటికీ చెప్పాల్సిన కేసు ఇది.

అదే కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ ఇంకో మేలు చేసింది. వస్తువును కాపాడటానికి, యజమానిని వెతకడానికి అయిన ఖర్చు ఇచ్చేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. ఖర్చు కోసం దావా వేయలేడు. యజమాని ముందే బహుమానం ప్రకటించి ఉంటే మాత్రం దానికోసం దావా కూడా వేయవచ్చు. ప్రకటించని బహుమానాన్ని పట్టుబట్టి అడగడం బెదిరింపు కిందికి జారవచ్చు.

పాడైపోయే సరుకైతే? మదనపల్లె మార్కెట్టు నుంచి పోతున్న లారీలోంచి రెండు టమోటా క్రేట్లు గంగవరం దగ్గర జారిపడ్డాయి. బండి కనుచూపు మేరలో లేదు. పట్టించుకోకపోతే మూడు రోజుల్లో కుళ్లిపోతాయి. యజమాని కోసం తగినంత వెతికినా దొరకనప్పుడు, పాడయ్యే సరుకును అమ్మే హక్కు 169వ సెక్షన్ ఇస్తుంది. అయిన ఖర్చు సరుకు విలువలో మూడింట రెండు వంతులకు చేరినా అమ్మవచ్చు. అమ్మిన డబ్బు యజమానిదే. క్రేటు మీద మండీ పేరో, నంబరో రాసి ఉంటే అక్కడికి ఒక ఫోన్ చేయడమే తగిన వెతుకులాట. ఇదంతా జారిపడిన రెండు క్రేట్ల మాట. లారీ బోల్తా పడితే డ్రైవరు నెత్తురోడుతుండగా జనం క్రేట్లు మోసుకుపోవడం వేరు. అక్కడ పోగొట్టుకున్న సరుకంటూ లేదు. యజమాని మనిషి అక్కడే ఉన్నాడు. అది పట్టపగలు దొంగతనం. 2023 జులైలో టమోటా కిలో నూరు రూపాయలు దాటినప్పుడైనా, రేటు పడిపోయి రోడ్డు పక్కన పారబోసినప్పుడైనా సూత్రం ఒకటే. రైతు తానే పారబోసినది మాత్రం వదులుకున్నది, ఎవరు ఏరుకున్నా తప్పు లేదు.

దొరికిన వస్తువుతో ఏం చేయాలి:

1. దొరికిన చోటే ఇద్దరు సాక్షుల ముందు ఫోటో తీసుకోవాలి. పర్సులోని డబ్బు అక్కడే లెక్కపెట్టాలి. తర్వాత నాలుగు నోట్లు తగ్గాయన్న మాట పడకుండా ఉంటుంది.

2. బస్సులో దొరికితే కండక్టరుకు, గుడిలో అయితే దేవస్థానం ఆఫీసుకు, అంగడిలో అయితే యజమానికి ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోవాలి. పోగొట్టుకున్నవాడు మొదట వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే.

3. విలువైనదైతే స్టేషన్‌లో అప్పగించి రసీదు అడగాలి. రసీదు అడగడానికి మొహమాటం ఎందుకు?

4. వాట్సాప్‌లో ప్రకటించేటప్పుడు వస్తువు గుర్తులన్నీ బయటపెట్టకూడదు. "ఒక ఉంగరం దొరికింది" అంటే చాలు. రాయి రంగు, లోపలి అక్షరాలు వచ్చినవాడే చెప్పాలి.

గుడి కోనేట్లో వేసిన నాణేలు, హుండీ పక్కన జారిన నోటు ఎవరో వదిలేసినవని అనుకోకూడదు. భక్తుడు దేవుడికి ఇచ్చేశాడు. యజమాని దేవుడు, వ్యవహారం చూసేది దేవస్థానం.

నేలలో దొరికిన నిధి

చేను దున్నుతుంటే, పాత ఇల్లు పడగొడుతుంటే, ఉపాధి హామీ కూలీలు గుంత తవ్వుతుంటే కుండ బయటపడిందన్న వార్తలు రాయలసీమకు కొత్త కాదు. దీనికి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. నేలలో గానీ, నేలకు అంటుకుని ఉన్న గోడ వంటి దానిలో గానీ దాచిపెట్టిన విలువైన వస్తువు ఏదైనా నిధే. విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1878లో పది రూపాయలంటే మంచి మొత్తమే. ఇప్పుడు ఒక్క వెండి నాణెం దొరికినా ఈ చట్టం కిందికి వచ్చినట్టే.

అర్జీలో ఉండాల్సినవి మూడే: ఏమి ఎంత దొరికింది (లెక్క గానీ, సుమారు విలువ గానీ), ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది. "గంగవరం మండలం ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా పొలంలో, ఫలానా తేదీన మడక దున్నుతుండగా మట్టికుండలో సుమారు 40 వెండి నాణేలు దొరికినవి. ప్రభుత్వ ఖజానాలో జమ చేయుటకు సిద్ధము" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. నిధిని దగ్గరి ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాలి.

ఆ తర్వాత కలెక్టరు ప్రకటన ఇస్తారు. హక్కుందనేవాళ్లు ఫలానా రోజున రావాలని, 4 నెలలకు తక్కువ కాకుండా 6 నెలలకు మించకుండా గడువు పెడతారు. దాచినది వందేళ్ల లోపల అని తేలితే, దాచినవాడి వారసులు సివిల్ కోర్టుకు పోయే వీలుంటుంది. మా తాత దాచినదే అన్న మాట రుజువు చేసుకోవాల్సింది అక్కడే. ఎవరిదీ కాదని తేలితే పంపకం. పొలం యజమాని కూడా అడిగితే, వాళ్లిద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, పొలం యజమానికి ఒక వంతు. నిధి విలువ 4 లక్షలైతే కూలికి వచ్చిన మనిషికి 3 లక్షలు, ఆసామికి 1 లక్ష. ఆసామి అడగకపోతే, లేదా ఆసామికే దొరికితే, మొత్తం దొరికినవాడిదే. ప్రభుత్వం తానే ఉంచుకోదలిస్తే లోహం వెలకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకుంటుంది. పురావస్తువుల విషయంలో ఎక్కువగా ఇదే జరుగుతుంది.

దాస్తే? వాటా మొత్తం ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. దాచమని ప్రోత్సహించిన పొలం యజమానికి 6 నెలలు. కూలీలు గుట్టుగా పంచుకుని, ఒకరికి తక్కువ వచ్చి, అతను బయటపెట్టడం వల్లే ఇలాంటి కేసులు చాలావరకు పుడతాయి. నాణేలను కరిగించి అమ్మేవాళ్లు డబ్బుపరంగా కూడా నష్టపోతారు, ఎందుకంటే పాత నాణెం వెల దాని వెండి వెలకంటే ఎక్కువ ఉండవచ్చు.

అనుకోకుండా దొరకడానికీ గుప్తనిధుల కోసం తవ్వడానికీ పోలిక లేదు. అర్ధరాత్రి పూజలు చేసి పాత గుడి గర్భాలయం పగలగొట్టేవాళ్లకు ఈ చట్టంలో మూడు వంతులు లేవు. వాళ్లకు ఎదురయ్యేవి పురావస్తు చట్టాలు, దొంగతనం కేసులు.

నిధి అనిపించినా నిధి కానివి కొన్ని ఉన్నాయి. కుప్పం దగ్గర బిసానత్తంలో నేలలో బంగారం ఉంది, తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. అవి ఎవరూ దాచినవి కావు. ఖనిజాల చట్టాలే వాటిని చూసుకుంటాయి. మూడు వంతుల లెక్క అక్కడ పనికిరాదు. దారి పక్క తుప్పల్లో స్మగ్లర్లు వదిలేసిన ఎర్రచందనం దుంగ కనబడినా అది వదులుకున్న సొత్తు కాదు. వేరే రుజువు లేనంతవరకు అటవీ శాఖదే. దాన్ని ఇంటికి మోసుకుపోయినవాడు తాను స్మగ్లరును కానని రుజువు చేసుకునేసరికి ఏళ్లు పడతాయి.

ఇక నిధి కాకుండా, పోలీసుల దగ్గరికి చేరిన మామూలు వస్తువుకు యజమాని తెలియకపోతే మేజిస్ట్రేటు ప్రకటన ఇస్తారు, హక్కుదారులకు 6 నెలల గడువు ఉంటుంది. ఈ ఆరు నెలల్లో అప్పగించిన మనిషి రసీదు, ఫోటోలు, అర్జీ నకలు భద్రంగా ఉంచుకోవాలి. రసీదు ఇవ్వడానికి నిరాకరించినా, అర్జీ తీసుకోకపోయినా, వాటా విషయంలో ఒత్తిడి తెచ్చినా 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ పలుకుతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.